చెయ్యి అడ్డం పెట్టని మామయ్య

మొన్న మా మేనత్త మనవడు శుభలేఖ లాంటి కార్డొకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాళ్ల తాతకు నూరేళ్ల జయంతి చేస్తున్నారట, నరసరావుపేటలో కల్యాణమండపం మాట్లాడారట, తాతయ్య మహా భోజనప్రియుడు కనుక ఆ రోజుల్లో పండగ భోజనాలు ఎలా ఉండేవో నన్ను రెండు పేజీలు రాసివ్వమన్నాడు. ఆయన్ను కళ్లారా చూసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నేనట. సరే, రాస్తున్నాను. చదివాక ఆ కుర్రాడు దీన్ని మండపంలో చదివిస్తాడో, చించి పారేస్తాడో అతని ఇష్టం.

మాది బొల్లాపల్లి పక్కన మెట్ట ఊరు. నా ఈడు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, సాగరు నీళ్లు రాకముందు మా వైపు వరి అన్నమంటే పండగ అన్నమాటే. మిగతా రోజులన్నీ జొన్న సంకటి, గోంగూర, మజ్జిగ, కాలం బాగుంటే కాస్త ఉలవచారు. దసరాకు మాత్రం తెల్లన్నం, గారెలు, నాటుకోడి పులుసు, నెయ్యి కారే బూరెలు. మా అమ్మ పులుసులో వేసే ధనియాల వాసన వీధి మలుపు దాకా వచ్చేది. ఆ రుచుల గురించి రాయాలంటే ఇంకా పది పేజీలు రాయగలను, కానీ అవి తిన్నది మేము కాదు, మా మామయ్య, అంటే ఆ కుర్రాడి తాతే.

ఆయనది తెనాలి వైపు మాగాణి ఊరు, ఇంట్లో గాదెల నిండా ధాన్యం. ప్రతి దసరాకు మా మేనత్తను తీసుకుని ఇద్దరు తమ్ముళ్లతో సహా దిగేవాడు. యుద్ధం రోజులు, డబ్బిచ్చినా బియ్యం దొరకని కాలం, వచ్చే బండిలో ఒక్క బస్తా వేసుకొస్తే ఆయన సొమ్మేం పోయేది? చేతులూపుకుంటూ వచ్చేవాడు. మా ఇళ్లల్లో ఆచారమేమిటంటే, అల్లుడు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టేదాకా వడ్డిస్తూనే ఉండాలి, లేదన్న మాట ఆయన చెవిన పడకూడదు. ఆ సంగతి తెలిసిన మనిషి కనుక ఆయన చెయ్యి అడ్డం పెట్టేవాడు కాదు. కూర బాగుందని కూడా అనేవాడు కాదు. మెట్ట వాళ్ల అన్నం గొంతు దిగదంటూనే కుండ ఖాళీ చేసేవాడు. మా నాన్న పక్క విస్తరి ముందు కూర్చుని తల వంచుకుని తినేవాడు, నాన్న మీద నాకున్న కోపం వేరే సంగతి.

నాకు ఏడో ఎనిమిదో ఏడు నడుస్తున్నప్పటి దసరా అది. మా అమ్మ నెలలు నిండి ఉంది. బాలింతకు జొన్న పడదని, పాత బియ్యం పత్యమే పెట్టాలని అప్పట్లో గట్టి నమ్మకం కదా, మా నాయనమ్మ తన అన్నగారింటి నుంచి అడిగి తెచ్చిన పాత బియ్యం చిన్న కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి మూలన దాచింది. ఆ రోజు మామయ్య, తమ్ముళ్లు తింటూనే ఉన్నారు. వండిన అన్నం అయిపోయింది. వంటింట్లో నాయనమ్మ గొంతు తగ్గించి అమ్మతో అన్న మాట నాకింకా వినిపిస్తూనే ఉంది.

"ఏమే, ఆ మూల కుండ తియ్యి. అల్లుడి ముందు పరువు పోద్ది."

అమ్మ కుండ తీసి మూతి గుడ్డ విప్పింది. బియ్యం కడిగింది, ఎసట్లో పోసింది. బయట మామయ్య ఆలస్యమైందని విసుక్కుంటున్నాడు. ఆ అన్నమూ తిని, కాస్త మాడకుండా వార్చి ఉంటే బాగుండేదని చెప్పి లేచాడు.

దీపావళికి ముందే తమ్ముడు పుట్టాడు. అమ్మకు జొన్న గటకే పత్యమయింది. పాలు పడలేదు. మేకపాలు పట్టారు, పసివాడికి సరిపడలేదు, ఆ చలికాలం దాటలేదు. జొన్న తిన్నందుకే పాలు పడలేదా అంటే నేను వైద్యురాలిని కాను. మా అమ్మ మాత్రం అలాగే అనుకుంది, నేనూ ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

పాపం మా మేనత్త సంగతి కూడా చెప్పాలి. పుట్టి పెరిగింది జొన్న మీద, ఆమెకు ప్రాణమైన తిండి వేడి సంకటి, అందులో కోడి పులుసు. పశువుల కూడు తిన్న నోటితో తన ఎదుటికి రావద్దని మామయ్య శాసించాడట. అక్కడ మాగాణిలో జొన్న ఎలాగూ లేదు, ఇక్కడికి వచ్చినా ముట్టనిచ్చేవాడు కాదు. అందరి భోజనాలూ అయ్యాక మొగుడు లేచిన విస్తట్లోనే కూర్చుని, ఆయన వదిలిన మెతుకుల్లో నాలుగు కొత్తవి కలుపుకుని తినేది.

మరుసటి దసరాకు మళ్లీ వచ్చారు. పోయిన పసివాడి మాట ఆయన నోట రాలేదు. అమ్మ ఎప్పటిలాగే వండింది, వడ్డించింది. ఉన్న అన్నం అయిపోయింది, ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు. అమ్మ లోపలికి వెళ్లి పొగలు కక్కుతున్న సంకటి ముద్ద తెచ్చి ఆయన విస్తట్లో వేసి, దాని మీద పులుసు పోసింది.

"అన్నం అయిపోయింది అన్నయ్యా. మా ఇంట్లో తినేది ఇదే. తినండి."

గుమ్మం వెనక నాయనమ్మ నెత్తి కొట్టుకుంది. మామయ్య ముఖం కందగడ్డలా అయింది. విస్తరి వదిలేసి లేచి, బండి కట్టమని కేకలేసి, అత్తయ్యను వెంటనే బయలుదేరమన్నాడు. అత్తయ్య బయలుదేరలేదు. వచ్చి ఆ విస్తరి ముందు కూర్చుంది. లేవవే, ఆయన కోప్పడతాడని నాయనమ్మ బతిమాలింది.

"ఆయన ఆకులో మిగిలింది తినకుండా లేస్తే తప్పు గదమ్మా," అంది అత్తయ్య.

తింది. బయట ఆయన అరుస్తున్నాడు, ఎద్దులు గిట్టలతో నేల తన్నుతున్నాయి, ఆమె ముద్ద ముద్దా పులుసులో అద్దుకుంటూ, ఏ తొందరా లేకుండా, విస్తరి తుడిచినట్టయ్యేదాకా తింది. చెయ్యి కడుక్కుని, అమ్మ భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయింది. మామయ్య ఆమెను మళ్లీ పుట్టింటికి పంపలేదు. నాయనమ్మ పోయినప్పుడు కూడా పంపలేదు.

ఇప్పుడు మా వైపు మూడు పూటలా తెల్లన్నమే. సంకటి హోటళ్లకెక్కింది, పట్నం వాళ్లు కార్లేసుకుని వచ్చి తింటున్నారు. ఆడా మగా పక్కపక్కన కూర్చుని, ఎవరి పళ్లెంలో వాళ్లు, చాలనిపించినప్పుడు చాలంటూ తింటుంటే చూడముచ్చటగానే ఉంటుంది. నా ముందు ఆ ముద్ద పెడితే మాత్రం ఆకలి కంటే ముందు కోపం వస్తుంది. పుట్టింట్లో తనకిష్టమైన తిండి ఒక్కసారి కడుపునిండా తినడానికి మా అత్తయ్యకు మొగుడి ఎంగిలాకు తప్ప వేరే దారి లేకపోయింది.