కుడితి కుండలో సగం బ్లేడు

నా చిన్నప్పుడు కూడా నా నోరు ఇంతే. తిరుత్తణిలో మా ఇంటి కూరగాయల తొక్కులు, బియ్యం కడిగిన నీళ్లు, మిగిలిన అన్నం పెరటి గుమ్మం దగ్గర కుడితి కుండలో పడేవి. పొద్దున్నే వెనక సందు పాలక్క వచ్చి ఆ కుడితిని తన ఆవుకు పట్టుకెళ్లేది. తక్కిన చెత్తంతా వీధి చివరి కుప్పతొట్టికి. అంతదూరం నేనే ఎందుకు నడవాలని అమ్మతో రోజూ వాదన.

ఒక ఆదివారం పెన్సిలు చెక్కుకునే సగం బ్లేడు మొద్దుబారితే, ఎవరూ చూడకుండా కుడితిలో పడేశాను. పాలక్క వచ్చి వెళ్లాక గాని భయం పుట్టలేదు. వాళ్లింటికి పరుగెత్తాను. అప్పటికే ఆవు ముందున్న కుడితి తొట్టి ఖాళీ. ఆవు మూతి నాక్కుంటోంది.

పాలక్కకు ఉన్నది ఆ ఒక్క ఆవే. ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆమె ఇటు తిరగనైనా లేదు.

“బ్లేడు ఏసినావా? సరే, ఈడ్నే కూర్చో. అది నెమరేసేదాకా లేసినావంటే చూడు.”

కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. ఆవు తల విదిలించినా, ఒకసారి దగ్గినా నా ప్రాణం పోయినంత పనయింది. దేవుళ్లందరికీ మొక్కుకున్నాను, ఆలస్యం చేస్తున్నారని వాళ్లతోనూ పోట్లాడాను. ఎండ నెత్తికెక్కాక ఆవు కాళ్లు మడిచి పడుకుని తీరిగ్గా దవడ కదిపింది.

“అక్కా, నెమరేస్తా ఉండాది!” అని అరిచాను.

పాలక్క అంతసేపూ కొంగులో దాచిన చెయ్యి బయటికి తీసింది. చూపుడువేలికి గుడ్డపీలిక, దాని మీద నెత్తురు. అరచేతిలో నా బ్లేడు.

“దాని నోట్లోకి ఎట్ల పోతాది? దినమూ నేను చెయ్యి పెట్టి దేవులాడినాకనే కదా పోసేది. ఏమే, నీ నోరు యాడ పోయింది ఇప్పుడు?”

పొద్దుటినుంచీ నేను ఆవు గురించే భయపడ్డాను. మధ్యలో ఒక చెయ్యి ఉంటుందని తోచనే లేదు. సాయంత్రం పాలక్క ఆ వేలితోనే పాలు పిండింది, ప్రతి ధారకూ పళ్లు బిగపట్టి.

ఇప్పుడు తిరువళ్లూరులో మా అపార్టుమెంటు కింద తడి చెత్తకొక బుట్ట, పొడి చెత్తకొక బుట్ట ఉన్నాయి. పగిలిన గాజును పేపర్లో చుట్టి, పైన గాజు అని తమిళంలో పెద్దగా రాస్తే గాని నాకు నిలకడ ఉండదు. ఎదురింటామె మాత్రం అన్నీ ఒకే సంచిలో కట్టి తెస్తుంది.

“ఎట్లేస్తే ఏమక్కా, చెత్త తీసేవాళ్లే ఆడ వేరు చేస్తారు కదా?”

“దేంతో?” అంటాను. జవాబు చెప్పేదాకా ఆమెను మెట్లెక్కనివ్వను.