నిద్రపుచ్చే ముందు నా మెడ చూసిన డాక్టరు

ఆ ఉదయం చెంబు పైకెత్తి నీళ్ళు తాగబోయాను. తల వెనక్కి వాలలేదు. నీళ్ళు గదవ మీదుగా జారి రవికంతా తడిసింది. కాలిన పుండ్లు మానిపోయాయి, ఇక గండం గడిచిందని అనుకుంటున్న రోజులవి. అప్పుడే మొదటిసారి నాకు భయం వేసింది.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న కాలం. సిద్దిపేటలో మాది నేతపని. పడుగు నూలుకు పెట్టడానికి కాచిన గంజి గుండిగ ఒరిగి నా మెడ మీద, ఛాతీ మీద పడింది. పుండ్లు మానుతూ మానుతూ చర్మాన్ని కిందికి గుంజాయి. నెలనెలకూ గదవ ఛాతీకి దగ్గరైంది. కింది పెదవి జారింది. అన్నం తింటుంటే చొంగ కారేది. నాకు నేల ఒక్కటే మిగిలింది: మగ్గం గుంటలో మా ఆయన పాదాలు, ఆరేసిన నూలు కింద ఎర్రటి రంగునీళ్ళు, మెల్లగా జరిగే నీడలు. తలచుకుంటే ఆ రోజులన్నీ నీళ్ళ అడుగున గడిపినట్టే ఉంటుంది.

మొదట ఒక దవాఖానలో ఆపరేషన్‌కు పడుకోబెట్టారు. మెడ మీది మచ్చ చూశారు గానీ నోరు తెరవమని ఎవరూ అనలేదు. ముక్కు మీద గుడ్డ వేసి chloroform చుక్కలు పోశారు. తీయటి వాసన. ఆ తర్వాత ఎవరో ఛాతీ మీద కూర్చున్నట్టయింది. కళ్ళు తెరిచేసరికి మా ఆయన ఏడుస్తున్నాడు. "మూతి నీలంగైంది. ఇంక మాతోని కాదు, తీస్కపోండ్రి" అన్నారట అక్కడి డాక్టర్లు.

హైదరాబాద్‌లో మంచి డాక్టరున్నాడని కొన్నాళ్ళకు ఎవరో చెప్పారు.

"నేను రాను. గిట్లనే బతుకుత" అన్నాను.

"నువ్వు తలెత్తి నా మొకం సూసి ఎన్ని దినాలైందో ఎరుకేనా?" అన్నాడు మా ఆయన.

బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు ఎక్కాం. మొదటి దవాఖానలో జరిగింది చెబితే ఈ డాక్టరు కూడా వద్దంటాడేమోనని, చెప్పకూడదని దారిలోనే అనుకున్నాం.

ఆ డాక్టరు పెద్దాయన, తురకాయన. మచ్చ సంగతి తర్వాత చూద్దామన్నాడు. నోరు తెరిపించి పళ్ళ మధ్య రెండు వేళ్ళు పెట్టి చూశాడు. నాలుక చాపమన్నాడు. ముందు పళ్ళు కదులుతున్నాయేమో పట్టి చూశాడు. తల వెనక్కి ఎంత పోతుందో తన చేత్తో మెల్లగా చూశాడు.

"ఎల్లెలకల పండుకుంటే ఊపిరాడుతదా?"

"ఆడది సార్. పక్కకే పండుకుంట."

"ఇంతకుముందు మత్తు ఇచ్చిన్రా?"

మా ఆయన కిటికీ వైపు చూశాడు. డాక్టరు గొంతు మెత్తగా ఉండటం వల్లనో ఏమో, అబద్ధం నా నోట రాలేదు.

"ఇచ్చిన్రు సార్. సచ్చి బతికిన."

కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చున్నాడు.

"మంచిగ చెప్పినవ్ బేటీ. నిన్ను ముందే నిద్రపుచ్చితే నాలుక ఎనుకకు పడి గాలి బందైతది. గొంతులకు tube వేద్దమంటే తల వాలది. గొంతుకాడ కోసి గాలి ఇద్దమంటే గా జాగనే దొరకది. అందుకే మెలకువ మీదనే మెడ విడిపిస్త. నిద్ర తర్వాత."

మెడ మొద్దుబారేటట్టు చుట్టూ injectionలు ఇచ్చారు. మచ్చ కోస్తుంటే నొప్పి తెలియలేదు, గుంజుడు మాత్రం తెలిసింది. నర్సమ్మ నా చెయ్యి పట్టుకొని నిలబడింది. ఎంతసేపైందో, తల తనంతట తానే వెనక్కి తేలిపోతున్నట్టనిపించింది. పైకప్పుకున్న గాజు పలకలోంచి ఒక తెల్లటి మబ్బు పోతూ కనిపించింది. అది దాటిపోయేదాకా చూశాను.

"ఇగ పండుకో బేటీ" అన్నాడు డాక్టరు. ether అనే మత్తుమందు వాసన వచ్చింది. ఊపిరి ఎక్కడా ఆగలేదు. నీలిరంగు నూలు వాగు మీద పరచుకొని పోతుంటే దాని మీద పడుకొని నేనూ పోయాను.

లేచాక గొంతు మండింది. "tube పెట్టినం కదా, తగ్గుతది" అంది నర్సమ్మ. తొడ చర్మం తీసి మెడకు వేశారు. అందులో ఒక ముక్క అతకలేదు, చీము పట్టింది, మళ్ళీ వేయాల్సి వచ్చింది. మెడ మళ్ళీ ముడుచుకోకుండా నెలల తరబడి పట్టీ కట్టుకున్నాను.

ఇప్పుడు మగ్గం పని చేసుకుంటున్నాను. ఎడమకు తల పూర్తిగా తిరగదు. చలికాలం మచ్చ దురద పెడుతుంది, కొబ్బరినూనె రాస్తాను.

ఆపరేషన్‌కు పోయేవాళ్ళకు ఒక్కమాట. మత్తు ఇచ్చే డాక్టరు దగ్గర ఏదీ దాచకండి. నోరు సరిగా తెరుచుకోకపోయినా, పన్ను కదులుతున్నా, మునుపు మత్తులో ఊపిరి ఆగినా, ఆయన అడగకపోయినా మీరే చెప్పండి. మేము బస్సులో అనుకున్న మాట మీదే నేను నిలబడి ఉంటే, ఇది మీకు చెప్పడానికి నేను మిగిలేదాన్ని కాదు.