కింది అరలో నీలం చీర

ఈరోజు కొత్త చీరల మూట విప్పగానే గంజి వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే నాకు షమీమ్ మేడమ్ గుర్తొస్తారు. కోయిలకుంట్లలో మాది బట్టల అంగడి. ప్రొస్టేట్ క్యాన్సరుకని కర్నూలు ఆసుపత్రిలో నాకు హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టినప్పుడు, అక్కడ వ్యాయామం నేర్పిన ఫిజియోథెరపిస్టు ఆవిడ. వేంపల్లె మనిషి. వయసుకు నా కూతురంత, అధికారం మాత్రం మేనత్తది.

ఇంజెక్షన్లు పడ్డాక ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిర్లు కమ్మేవి. పొట్ట పెరిగింది, తొడల్లో కండ జారిపోయింది. ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ నన్ను కదలనివ్వలేదు. నా భార్య సుబ్బలక్ష్మి నీళ్ళ చెంబు కూడా చేతిలోంచి లాక్కునేది. ఇక అంగడిలోనా, పరుపు మీద కూర్చున్న శెట్టి లేచి సరుకు తీయడం మా ఇళ్ళల్లో నామోషీ. అలా కూర్చుని కూర్చుని, ఎవరైనా చెయ్యిస్తే తప్ప లేవలేని స్థితికి వచ్చాను. ఇక నేను మగవాణ్ణి కాదు, దేనికీ పనికిరానివాణ్ణి అనిపించి మొదటిరోజే ఆవిడ ముందు ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు, కుర్చీ చూపించారు.

“ఆ మందు రోగాన్ని అణుస్తాది, దాంతోపాటే కండను తింటాది. తిన్నంత మళ్లా మనం పెంచుకోవాల. చేతులు ఆనించకుండా లెయ్యండి శెట్టి గారూ.”

“నాతో కాదమ్మా.”

“పదిసార్లు లెయ్యమనల్యా నేను. ఒక్కసారే.”

మూడో ప్రయత్నానికి లేచాను.

ఇంటి దగ్గర కూడా రోజూ చేస్తున్నానని అబద్ధం చెబుతూ వచ్చాను. ఒక మధ్యాహ్నం, ఊళ్ళో చుట్టాలింటికి వచ్చిన ఆవిడ నేరుగా మా అంగడిలో అడుగుపెట్టారు. కింది అరలోని నీలం చీర చూపమన్నారు. గుమాస్తా వంగబోయాడు.

“నువ్వుండప్పా. శెట్టి గారు తీస్తారు.”

అంగడి నిండా బేరాలు. అందరూ చూస్తుండగా లేచాను, మోకాళ్ళు వంచాను, గంజి వాసన కొడుతున్న చీర తీశాను. కాళ్ళు గడగడ వణికాయి.

“ఇంటికాడ చేస్తాంటే ఇంత వణుకు యాడుంటాది?” అన్నారు మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా. “రేపట్నుంచి కింది అర సరుకు మీరే తీయాల. ఇదీ కసరత్తే.”

ఆరోజు ఆవిడ మీద శానా కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది. ఆవిడ కడపకు మారిపోయారు. నా ఇంజెక్షన్లు నడుస్తూనే ఉన్నాయి, ఆవిర్లూ పోలేదు. కింది అర సరుకు మాత్రం నేనే తీస్తున్నాను, గుమాస్తాను ముట్టనివ్వను.

ఈరోజు పొద్దున అంగడికి బయలుదేరుతుంటే వంటింట్లోంచి సుబ్బలక్ష్మి కేకేసింది.

“ఏమండీ, ఈ బిందె కాస్త గట్టు మీదికెత్తి పెట్టిపోండి!”

చెంబు లాక్కున్న మనిషే. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. మేడమ్ నేర్పినట్టే నడుం నిటారుగా ఉంచి, మోకాళ్ళు వంచి, బిందె ఎత్తాను.