శుక్రవారం పూలవాన

నిన్న మా అమ్మాయి ల్యాప్‌టాప్ ఫ్యాను రొద పెడుతూ, ఏది నొక్కినా పలక్కుండా మొరాయిస్తుంటే, పిల్ల విసుక్కుంటూ ప్రాసెసర్‌ను మొత్తం తినేస్తున్న ప్రోగ్రాం ఏదో వెతికి ఆపేసింది. పక్కన కూర్చున్న నాకు అమలాపురంలో మా బావగారి ఇంటర్నెట్ సెంటరు, అక్కడ నేను పడ్డ మాటలు గుర్తొచ్చి ఒళ్లు మండింది.

అప్పట్లో మస్కట్‌లో ఉన్న మా ఆయనకు శుక్రవారమే సెలవు. పుట్టిన పిల్లను ఆయనింకా చూడలేదు. కెమెరాలో చూపిద్దామని వారం వారం దానికి కాటుక దిద్ది, పి.గన్నవరంలో బస్సెక్కి వెళ్లేదాన్ని. తీరా కూర్చున్నాక కంప్యూటరు గసపోసుకునేది, ఆయన మొహం బిగుసుకుపోయేది. మిగతా రోజుల్లో చక్కగా నడిచే యంత్రం నేనొస్తేనే ఆగుతోందని మా తోడికోడలు కనిపెట్టి, అందరూ వినేలా, "నీ పాదం అలాంటిదమ్మా, ఏం చేస్తాం!" అనేది. నెట్‌కొచ్చిన కుర్రాళ్లు నవ్వేవారు. చివరికి నేనూ కుడికాలు ముందు పెట్టి లోపలికెళ్లడం మొదలుపెట్టాను, అంత బుద్ధి తక్కువదాన్ని.

ఓ శుక్రవారం నేనుండగానే బావగారు రాజోలు నుంచి రిపేరు చేసే ఆయన్ని పిలిపించారు. నడుస్తున్న ప్రోగ్రాములన్నీ తీసి చూసి ఆయన, "ఆయ్, మొత్తం ఇదే తినేస్తోందండి," అన్నాడు. అది కంప్యూటర్లో కదిలే లక్ష్మీదేవి బొమ్మ! శుక్రవారం శుక్రవారం కంప్యూటరుకు పసుపు రాసి బొట్టు పెట్టి, మా తోడికోడలే దాన్ని నడిపించేది. అమ్మవారి మీద పూలు రాలుతూ, హారతి తిరుగుతూ, పొద్దుగూకేదాకా మిగతా పనుల వెనకాల అది నడుస్తూనే ఉండేది. దాన్ని ఆపగానే మా ఆయన మొహం కదిలింది. గబగబా పిల్లను ఎత్తి పట్టుకున్నాను. ఇంతలో ఆవిడ వచ్చేసింది.

"శుక్రవారంపూట అమ్మవారిని ఆపేరా? ఇంకేమన్నా ఉందాండీ!" అని కేకలేసి, అప్పటికప్పుడు బావగారి చేత మళ్లీ పెట్టించింది. పిల్లను పిలవబోయి మా ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. తప్పు నా పాదానిది కాదని అందరికీ తెలిసింది గదా, ఒక్కరూ ఆ మాట అనలేదు. తమ్ముడికి డ్యూటీ అని తెలిసి కూడా బావగారు నన్ను శనివారం రమ్మన్నారు. మా ఆయన సెలవు పెట్టి వచ్చేసరికి పిల్లకు నడక వచ్చింది. నాన్నను చూసి హడలిపోయి నా కుచ్చెళ్లలో దాక్కుంది.

ఇప్పుడు అందరి మొహాలూ అరచేతిలోనే. మంచాన పడ్డ మా తోడికోడలు ఏమీ తోచక తరచూ వీడియో కాల్ చేస్తుంది. కాసేపు మాట్లాడి, నవ్వు మొహంతో, రెప్ప వేయకుండా, బొమ్మలా ఉండిపోతాను. "ఆగిపోయిందమ్మా, వినబడుతోందా?" అని పిలిచి పిలిచి ఆవిడే ఫోను పెట్టేస్తుంది. ఇంత మంచి ఫోన్లు ఆ రోజుల్లోనే ఉండుంటే, ఆవిడతో నేనూ మనసారా మాట్లాడేదాన్నేమో.