తలకట్టు మాత్రమే మిగిలిన ఊరు

పీజీ రెండో ఏడాదిలో నాకు అప్పగించిన పని, మా కాలేజీ హెర్బేరియంలోని పాత రికార్డులను కంప్యూటర్లోకి ఎక్కించడం. పేరు విని భయపడక్కర్లేదు. మొక్కలను నొక్కి, ఎండబెట్టి, అట్టలకు అంటించి, ఎవరు ఎక్కడ ఏ రోజు కోశారో కింద చీటీలో రాసి దాచే గది అది. కలరా ఉండల వాసనకి ఇంట్లో నన్ను బీరువాలోంచి తీసిన పట్టుచీరలా చూసేవాళ్లు.

ఆ గదిని ఏలేది మా రీసెర్చ్ స్కాలర్ అక్క. ఐదేళ్లుగా ఆమె పరిశోధన ఒకే ఊదారంగు అడవిపువ్వు మీద. తడ ఊరికి పడమటి కొండల్లో, వాగు చీల్చిన లోతైన కోనల్లో, రాళ్ల సందుల్లో పూస్తుంది. అయితే ఒక్క పాత అట్టకి మాత్రం రిజిస్టర్లో 'కోట' అని ఉంది. కోట అంటే సముద్రం పక్క ఊరు. అక్క రెండేళ్లు అక్కడి ఇసుకదిబ్బలన్నీ గాలించింది. పువ్వు కనిపించలేదు. కాబట్టి అంతరించిందనీ, రొయ్యల గుంటలే దాన్ని మింగేశాయనీ ఒక అధ్యాయం రాసింది.

మాది కోట. మా నాన్నకి రెండు రొయ్యల గుంటలు. ఈ సంగతి తెలిసినప్పటినుంచీ, నేను ఆ అట్టను చూసి లోపల పెట్టిన ప్రతిసారీ అక్క దాని మీది పూలు లెక్కపెట్టేది. ఐదు. ప్రతిసారీ ఐదే. అయినా ఆమె ముఖం తేటపడేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆ పువ్వు కోసిన పెద్దాయన అట్టలన్నీ వరసగా ఎక్కిస్తున్నాను. ఆయన చీటీలు తెలుగులో రాసేవాడు, కోసిన ప్రతిదానికీ వరస నంబరు వేసేవాడు. నలభై ఒకటి, నలభై రెండు: కోన. నలభై మూడు, ఆ ఐదు పూల అట్ట: రిజిస్టర్లో కోట. నలభై నాలుగు: మళ్లీ కోన. అన్నీ ఒకే రోజు. అంటే పెద్దాయన మధ్యలో కొండ దిగి, కోటకి బస్సెక్కి, ఒక్క కొమ్మ కోసుకుని, తిరిగి కొండెక్కాడన్నమాట. ఓపికకి దండం పెట్టాలి.

చీటీని భూతద్దం కింద పెట్టాను. 'కో' స్పష్టంగా ఉంది. రెండో అక్షరాన్ని పురుగు తినేసింది. పైన తలకట్టులాంటి చిన్న గీత మాత్రం మిగిలింది. అది 'న' తలకట్టు కావచ్చు, 'ట' కొస కావచ్చు. రిజిస్టరు రాసినవాళ్లు 'ట' అనుకున్నారు.

వెంటనే చెప్పలేదు. ముందు నన్ను నేనే అనుమానించాను. నాన్న గుంటల కోసమే నాకు 'న' కనిపిస్తోందా? మర్నాడు ధైర్యం చేశాను.

"అక్కా, ఒక మాట. అరవకూడదు."

"ఏంది, అట్ట చించినావా?"

"లేదు. చీటీని పురుగు తినింది."

"ఎప్పుడు? నిన్ననా?"

"నేను పుట్టకముందు."

ఆమె భూతద్దం లాక్కుని చాలాసేపు చూసింది. "పిన్నుతో పొడిచినట్టుండాదే ఈ బొక్క."

"ఆ పురుక్కి మా నాన్నేం జీతమీలేదక్కా."

"మీ గుంటల కోసం ఎంతకైనా తెగిస్తావురా నువ్వు."

"మా గుంటలు పక్కాయన బోరునీళ్లు ఉప్పగా చేసినాయి. అది రాసుకో, నేనే సాక్షిని. ఈ పువ్వు జోలికి మాత్రం పోలేదు."

అట్టలు వరసగా పరిచాను. ఆమె నమ్మలేదు. నేను ఏరి తెచ్చానని, తనే బీరువా తీసి ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై ఆరు తెచ్చింది. అవీ కోనే. అప్పుడు కుర్చీలో కూలబడింది.

"ముప్పై పేజీలు రా. సోమవారం గైడ్ గారికి ఇయ్యాల."

ఏడుస్తుందేమోనని జేబురుమాలు వెతికాను. చేతికి తగిలింది దుమ్ము దులిపే బ్రష్షు. అది ఇవ్వలేదు.

హెర్బేరియంలో పాత చీటీని దిద్దకూడదు. పక్కన కొత్తది అంటించాలి. అక్క రాసింది: "కోట కాదు, కోన అయి ఉండాలి. ముందువెనక నంబర్లు చూడండి." సంతకం చేసి చీటీ నా వైపు తోసింది.

"నువ్వూ పెట్టు."

"నేనెందుకక్కా? మాది కోట. చూసినోళ్లు అనుమానిస్తారు."

"అందుకే. ఊరి పేరు కూడా రాయి. అనుమానమొచ్చినోళ్లు నంబర్లు తీసి చూసుకుంటారు."

రాశాను. అక్క లాప్‌టాప్ తెరిచి అధ్యాయం మొత్తం తీసేసింది. తీసేముందు ఒక కాపీ వేరేచోట దాచింది. నేను చూడనట్టు అట్టలు సర్దుతూ కూర్చున్నాను.