మెట్ల కింది దూలం

మా మేనత్తకి కోపమొస్తే అరవదు, చిత్రిక పడుతుంది. ఆమె వడ్రంగి. ఆ మాటకొస్తే మా తాతయ్యా వడ్రంగే. కానీ ఊళ్లో ఆయన్ని "దూలం దొంగ" అనేవాళ్లు. బళ్లో అత్తకి అసలు పేరే లేదు, "దూలం దొంగ కూతురు" అంతే.

సంగతేమిటంటే, పాత గ్రంథాలయంలో పెద్ద మెట్లు ఊగుతున్నాయని తాతయ్య ఓ టేకు దూలాన్ని వాటి కింద ఆసరాగా పెట్టి, పైన పలకలు బిగించేశాడు. ముందుగా ఎవరికీ చెప్పకపోవడమే ఆయన చేసిన తెలివితక్కువ పని. మరమ్మతులకని కొన్న ఆ దూలం కనబడకపోయేసరికి గ్రంథాలయం మేనేజరు దొంగతనం అంటగట్టి ఆయన మీద విరుచుకుపడ్డాడు.

"మెట్ల కిందే ఉందయ్యా, పలకలు విప్పి చూడండి" అని తాతయ్య కాళ్లావేళ్లా పడ్డాడు.

"నీకోసం మెట్లు పాడుచేసుకోవాలా?" అని మెడపట్టి గెంటించాడు ఆ పెద్దమనిషి. తాతయ్య ఆ మచ్చతోనే పోయాడు.

ఇన్నేళ్లకి భవనం బాగుచేస్తూ ఆ మెట్లు విప్పారు. దూలం అక్కడే ఉంది, చివర కొన్నప్పటి కలప డిపో ఎర్రముద్రతో సహా. పాత కలపతో ప్రారంభోత్సవానికొచ్చే అతిథులకి జ్ఞాపికలు చేసే పని అత్తకే వచ్చింది. కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకునే చెక్క బరువులు.

"వేరే కలప బోలెడుంది కదత్తా, ఈ దూలం మనం దాచుకుందాం" అన్నాను.

"దాచుకుంటే మనకే తెలుస్తుంది. నాన్నని దొంగన్న ప్రతివాడి బల్ల మీదా ఉండాలి" అంది.

దూలాన్ని ముక్కలుగా కోసింది. ఒక్కో ముక్క మీదా ఒకటే మాట చెక్కింది: "నేను మెట్ల కిందే ఉన్నాను." ముద్రున్న చివరి ముక్కకి మాత్రం ప్రత్యేకంగా మెరుగు పెట్టింది, తనలో తనే నవ్వుకుంటూ. ఆ నవ్వు చూస్తే నాకే భయమేసింది.

ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథి ఆ ముసలి మేనేజరే. ముద్రున్న ముక్క అత్తే స్వయంగా చేతిలో పెట్టింది. ఆయన చదివాడు, ముద్ర చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఎవరు రాయమన్నారిది?"

"మా నాన్న. మీకు అప్పుడే చెప్పాడు."

సభ అయ్యాక ఆయన దాన్ని కుర్చీ కిందకి తోసి లేచాడు. పాపం, ఆయన భార్యకి ఏమీ తెలియదు. "అయ్యో, మర్చిపోయారు!" అంటూ తీసి సంచిలో వేసుకుంది. "ముద్ర ఎంత బాగుందో! హాల్లో అందరికీ కనబడేలా పెడతాం" అంది అత్తతో.

అత్త ఆవిడకి రెండు చేతులా దండం పెట్టింది.

"రోజూ తుడుస్తూ ఉండండమ్మా. ఆయన చేతే తుడిపించండి."