నలభై దాటాక హనీమూన్

మా ఇంట్లో హనీమూన్ అనే మాట ఎవరూ పైకి అనలేదు. అందరూ టూరు అన్నారు. మా అమ్మ అయితే ఇంకాస్త జాగ్రత్తగా, ప్రయాణం ఎప్పుడు పెట్టుకున్నారు అని అడిగేది. పెళ్ళి నాటికి నాకు నలభై దాటాయి. ఆయన నాకంటే కొంచెం పెద్ద. నాన్న మంచాన పడటం, ఆ తర్వాత చెల్లెలి పెళ్ళి, దాని కాన్పులు, ఇలా నా పెళ్ళి మాట ఎప్పటికప్పుడు వెనక్కి వెళ్ళిపోయింది. ఆయనదీ దాదాపు అదే కథ. అక్కచెల్లెళ్ళందరికీ పెళ్ళిళ్ళు చేసి తీరా అద్దంలో చూసుకునేసరికి జుట్టు నెరిసింది. మా పాస్టరు గారి భార్య ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇద్దరినీ వాళ్ళింట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఆ టీ చల్లారేలోపే ఇద్దరం సరేనన్నాం.

నేను గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. బందరు నుంచి రోజూ బస్సులో వెళ్ళొస్తాను. ఏళ్ళ తరబడి బోర్డు మీద ప్రపంచ పటం గీశాను గానీ, హైదరాబాదు దాటి నేను చూసింది లేదు. ఆయన బందరు దగ్గరే గిలకలదిండి హార్బర్లో బోట్ల ఇంజన్లు బాగుచేస్తారు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరం ఒకరినొకరు మీరు అనుకునేవాళ్ళం. ఆయన ఇంకో మెట్టు పైకెళ్ళి నన్ను టీచర్ గారూ అని పిలిచేవారు. మా చెల్లెలు అది విని పగలబడి నవ్వేది.

ఫారిన్ వెళ్దామన్న ఆలోచన నాదే. వేసవి సెలవుల్లో వెళ్ళాలని, గోడ మీది పాత క్యాలెండరు కాగితం చించి దాని వెనక దారి గీయడం మొదలుపెట్టాను. బ్యాంకాక్‌లో దిగాలి. అక్కణ్నుంచి ఫుకెట్. అక్కడ స్పీడుబోటు ఎక్కి దీవులన్నీ చూసి, ఇంకో బోటులో క్రాబీ చేరాలి. ఆ తర్వాత కౌలాలంపూర్, చివర సింగపూర్. అన్నీ కలిపి పది రోజుల్లో. అంత దూరం వెళ్ళాక పక్కనే ఉన్న దేశాన్ని వదిలేసి రావడానికి నాకు ప్రాణం ఒప్పేది కాదు. సాయంత్రాలు ఆ కాగితం మంచం మీద పరిచి, ఇక్కడ ఈ గుహ ఉందండీ, ఇక్కడ నీళ్ళ అడుగున చేపలు కనిపిస్తాయండీ అని చెప్పేదాన్ని. ఆయన శ్రద్ధగా వినేవారు. ఏది అడిగినా ఒకటే జవాబు.

"మీ ఇష్టమండీ."

మొదట్లో ఆ మాటకి మురిసిపోయాను కూడా. స్టాఫ్‌రూములో మగవాళ్ళ పెత్తనం గురించి ఎవరైనా మొదలుపెడితే, నేను కాస్త గర్వంగా టిఫిన్ బాక్సు మూత తీసేదాన్ని.

పాస్‌పోర్టులకి పెట్టాం. ఎంక్వయిరీకి కానిస్టేబులు గారు వచ్చిన రోజు మా వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఎదురింటి పిన్నిగారు ఆ పోలీసాయన వెళ్ళేదాకా ఆగి, ఏం గొడవమ్మా అని మెల్లగా అడిగారు. ఫారిన్ టూరని చెబితే, ముందు నమ్మలేదు. నమ్మాక, అక్కడ పామును కూడా వండుతారట, పచ్చళ్ళు పట్టుకెళ్ళండి అని చెప్పి, మర్నాడే గోంగూర పచ్చడి సీసా తెచ్చిచ్చారు. ప్రయాణం ఇంకా రెండు నెలలుంది.

గుడివాడలో బస్టాండు దగ్గర ట్రావెల్స్ ఆఫీసు నడిపే అమ్మాయి నా కాగితాన్ని చాలాసేపు చూసింది. చాలా మర్యాదగల పిల్ల.

"మేడమ్, ఇందులో మీరు నిద్రపోయేది ఎక్కడండీ?" అంది.

నాకు కోపం వచ్చింది. ఆ అమ్మాయి ఓపిగ్గా వివరించింది. ఒక ఊరు మారడమంటే సగం రోజు పోయినట్టేనట. హోటల్ ఖాళీ చేయాలి, ఎయిర్‌పోర్టుకి ముందే చేరాలి, మళ్ళీ కొత్త ఊళ్ళో దారి వెతుక్కోవాలి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి మూడు ఊళ్ళు చాలని చెప్పింది. నేను సింగపూర్ ఒక్కటి కొట్టేశాను. దీవుల జోలికి మాత్రం రానివ్వలేదు. పక్కనే కూర్చున్న ఆయన ఫ్యాను వైపు చూస్తున్నారు.

ఆ వారమే దివిసీమలో ఉన్న వాళ్ళ పెద్దక్కని చూడ్డానికి వెళ్ళాం. ఆవిడది నాగాయలంక అవతల ఒక లంక ఊరు. అవనిగడ్డ దాకా బస్సు, అక్కణ్నుంచి ఆటో, ఆ తర్వాత కృష్ణ మీద పంటు ఎక్కాలి. రెండు పడవలు కలిపి పైన చెక్కలు పరిచిన ఆ పంటు మీద మోటారు సైకిళ్ళు, గేదెలు, మనుషులు అందరూ కలిసే దాటతారు. సముద్రం దగ్గర కావడంతో అక్కడ ఏరు చాలా వెడల్పు. ఆ రోజు గాలి కూడా గట్టిగా ఉంది. నేను గట్టు మీద నుంచే ఫొటోలు తీయడం మొదలుపెట్టాను.

ఏటి మధ్యకి వచ్చేసరికి ఆయన మాట్లాడటం మానేశారు. పంటు అంచున ఉన్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని ఎటో దూరంగా చూస్తున్నారు. ముఖం పాలిపోయింది. ఏమైందండీ అని నేను అడిగేలోపే పక్కకి వంగి వాంతి చేసుకున్నారు. ఒకసారి కాదు, అవతలి ఒడ్డు వచ్చేదాకా. పంటు నడిపే ఆయన ఏమాత్రం కంగారు పడకుండా నీళ్ళ సీసా అందించారు.

"ఏం బావా, ఇంకా తగ్గలేదా నీకిది?" అన్నారు.

అంటే ఊరందరికీ తెలుసు. నాకు తప్ప.

ఒడ్డున ఒక బల్ల మీద కూర్చోబెట్టి సోడా తాగించాను. కొంచెం తేరుకున్నాక చెప్పారు. ఆయన పనంతా జెట్టీకి కట్టేసిన బోట్లలోనే. కుర్రతనంలో ఒకసారి కొత్త ఇంజను ఎలా లాగుతుందో చూడ్డానికి వేటకి వెళ్ళే బోటులో సముద్రం మీదకి వెళ్ళారట. ఈయన పరిస్థితి చూసి భయపడి, వల కూడా వేయకుండా బోటు వెనక్కి తిప్పారట వాళ్ళు. ఆ తర్వాత హార్బర్ దాటి అడుగు పెట్టలేదు.

"నాకు సముద్రం పడదండీ. చూడ్డానికి బాగానే ఉంటుంది. మీరు అంత ఇష్టంగా ఆ దీవులన్నీ గీస్తుంటే చెప్పబుద్ధి కాలేదు," అన్నారు.

నాకు నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. ఇన్ని వారాలుగా నేను ఇద్దరికీ కలిపి ప్లాను వేస్తున్నాననుకున్నాను. నిజానికి ఒక్కదాన్నే వేసుకుంటున్నాను. ఫుకెట్‌లో స్పీడుబోటు మధ్యలో ఈ సంగతి తెలిసి ఉంటే ఇద్దరం ఏమైపోయేవాళ్ళం? ఇకపైన మీ ఇష్టమండీ అంటే ఊరుకోనని, మీకేం చూడాలని ఉందో ఇప్పుడే చెప్పమని అడిగాను. ఆయన సోడా సీసా పక్కన పెట్టి నా వైపు తిరిగారు. బహుశా ఆయన్ని ఆ మాట ఎవరూ అడిగి ఉండరు.

"రైలండీ. పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చోవాలని ఉంది. చేతిలో ఏ పనీ లేకుండా," అన్నారు.

వాళ్ళక్క పెట్టిన పీతల కూర తిని, తిరుగు ప్రయాణంలో ఆయన్ని పంటు మధ్యలో కళ్ళు మూసి కూర్చోబెట్టి ఇల్లు చేర్చాను. మర్నాడే గుడివాడ ఆఫీసుకి వెళ్ళి, రైల్లో తిరగదగ్గ దేశం చెప్పమన్నాను. ఆ అమ్మాయి ఏమాత్రం తడుముకోకుండా వియత్నాం అంది. హనోయిలో దిగి, రైల్లో హుయే, అక్కణ్నుంచి మళ్ళీ రైల్లో కొండల పక్కగా దనాంగ్, దానికి దగ్గర్లోనే హోయీ ఆన్ అనే పాత ఊరు, చివరికి విమానంలో సైగాన్. సైగాన్ నుంచి ఒక రోజు మెకాంగ్ డెల్టా. మెకాంగ్ పేరు వినగానే నేను సరేననేశాను. ఏళ్ళ తరబడి పాఠాల్లో చెప్పిన నది అది. అయితే అక్కడ పడవ ఎక్కాలి. ఆయన్ని అడిగాను. మీరు ఎక్కండి, నేను గట్టున కొబ్బరిబోండాం తాగుతూ కూర్చుంటాను అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నోట నేను విన్న మొదటి అభ్యంతరం అది. చాలా సంతోషించాను.

హనోయిలో మొదటి సాయంత్రమే రోడ్డు దాటలేక నిలబడిపోయాం. స్కూటర్లు ఏరులా వస్తూనే ఉన్నాయి, తెరిపి లేదు. ఆయన ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుని, ఆగకుండా నడవండి, వాళ్ళే తప్పుకుంటారు అని రోడ్డులోకి దిగారు. బందరులో ఆయన నాకంటే నాలుగడుగులు ముందు నడిచే మనిషి. అవతలి పేవ్‌మెంటు వచ్చాక కూడా చెయ్యి వదల్లేదు. అక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్ళెవరూ లేరు మరి.

హుయే నుంచి వెళ్ళే రైలు కొండ అంచున వంకర్లు తిరుగుతూ పోయింది. కింద సముద్రం, నురగ, ఖాళీ ఇసుక. ఆయన కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నారు. నేను ఏదో చెప్పబోతే వద్దన్నట్టు చెయ్యి చూపించారు. అంత అందంగా నా నోరు ఎవరూ మూయించలేదు.

సైగాన్ చేరేసరికి నాకు జ్వరం వచ్చింది. కడుపు కూడా పాడైంది. దారిలో కనిపించినదల్లా తిన్నది నేనే. ఆయన మాత్రం అన్నం, గోంగూరతోనే నెట్టుకొచ్చారు. మెకాంగ్ వెళ్ళాల్సిన రోజు నేను హోటల్ మంచం మీద ఉన్నాను. ఇంత దూరం వచ్చి ఆ నది చూడకుండా వెళ్తున్నానని చిన్నపిల్లలా ఏడ్చాను. ఆయన ఫోనులో తెలుగులో మాట్లాడి వాళ్ళ భాషలోకి మార్చుకుంటూ కిందకి వెళ్ళారు. చాలాసేపటికి మూతపెట్టిన గిన్నెతో వచ్చారు. లోపల వేడి వేడి గంజి, పైన సన్నగా తరిగిన అల్లం.

"వీళ్ళు గంజిని చావ్ అంటారట. పలకరింపుకీ చావే. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి లేదు," అన్నారు.

నవ్వితే కడుపు నొప్పెట్టింది. ఆయన దిండు వెనక్కి సర్ది స్పూను చేతికిచ్చారు.

"లే, కాస్త తాగు. చల్లారితే బాగోదు."

మీరు నుంచి నువ్వులోకి వచ్చేశానని ఆయన గమనించలేదు. నేను గమనించాను, కానీ పైకి అనలేదు. అంటే మళ్ళీ టీచర్ గారూ దగ్గరికి వెళ్ళిపోతారేమోనని.

సాయంత్రానికి జ్వరం తగ్గింది. వీధి చివరి దాకా నడిచి, పొట్టి స్టూళ్ళ మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూశాం. నది గురించి ఆయనే ఎత్తారు. ఇంకోసారి వద్దామన్నారు. వస్తామో రామో తెలియదు గానీ, ఆ మాట అనుకోవడం బాగుంది.

హైదరాబాదు నుంచి గన్నవరం వచ్చే చిన్న విమానంలో కిటికీ సీటు ఆయన నాకిచ్చారు. కిందకి దిగుతుంటే కృష్ణ మీది బ్యారేజీ, దాన్నుంచి చీలిపోయే కాలువలు, ఎండకి మెరుస్తున్న చెరువులు కనిపించాయి. మన బందరు కాలువ అదేనండీ అని వేలు పెట్టి చూపించాను. కాదు, ఆ పక్కది అన్నారాయన. ఇద్దరం కిటికీ మీద వంగి వాదించుకుంటుంటే, ముందు సీట్లో పెద్దాయన వెనక్కి తిరిగి, రెండూ కాదమ్మా, మీరు చూస్తున్నది ఏలూరు కాలువ అన్నారు. ఆ పెద్దాయన మాట మేమిద్దరం ఒప్పుకోలేదు. విమానం నేల తాకేదాకా మా ముగ్గురి మధ్యా అది తేలలేదు.